పదకొండో నంబరు

ప్రొద్దుటూరు
9 జూన్ 2024

కౌసర్‌కు,

మీ అమ్మీ సలాం. నేను బాగున్నాను. బాగాలేనని రాస్తే వెంటనే ఫోన్ చేస్తావు. ఫోన్‌లో నీ తమ్ముడు నయీం పేరు రాగానే ఇద్దరం ఏడుస్తాం. అవతల నువ్వు, ఇవతల నేను, విషయం తేలకుండానే పెట్టేస్తాం. అందుకే కాగితం తీసుకున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు తప్పుంటే సర్దుకో. విషయం మాత్రం దాటెయ్యొద్దు.

నిన్న నా చెల్లెలి కొడుకు అన్సర్ బెంగళూరు నుంచి వచ్చాడు. నేను మగ్గం ముందు కూర్చుని ఎవరిదో పెళ్ళి జాకెట్‌కు జర్దోసీ పని చేస్తున్నాను. వాడు టీ తాగుతూ మాటల్లో అన్నాడు: "ఖాలా, కౌసరక్క ల్యాబ్ చూసి వచ్చినా. నయీం కణాలు ఆడ ఇంకా బతికే ఉండాయంట గదా. సీసాల్లో పెట్టి పెంచుతాండాదంట."

సూది నా వేల్లో దిగింది. జాకెట్ మీద రక్తం పడలేదు, అదొక్కటే మేలు.

కౌసర్, పదిహేడేళ్ళు వాడిని ఎత్తుకున్నాను. వాడు నడవలేదు. మాట్లాడలేదు. నేను నోట్లో పెడితే తిన్నాడు. ఫిబ్రవరిలో వాడిని ఒక్క గోరు కూడా తక్కువ కాకుండా మట్టికి అప్పగించామని అనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ నాలుగు నెలలు గడిపాను. ఇప్పుడు అన్సర్ వచ్చి, కొంచెం అక్కడే ఉండిపోయిందని చెబుతున్నాడు.

నువ్వు మెదడు మీద చదువుతున్నావని తెలుసు. ఎలుకల మీద చేస్తున్నావని తెలుసు. తమ్ముడి మీద చేస్తున్నావని నాకెవరూ చెప్పలేదు.

బస్సు పార్శిల్లో ఈ ఉత్తరంతో పాటు మీటరు తెల్ల గుడ్డ పెట్టాను. అంచు కుట్టలేదు, మట్టికి పంపే గుడ్డకు కుట్టు ఉండకూడదు కదా. ఉన్నదంతా అందులో చుట్టుకుని తీసుకురా. ఖబరస్తాన్‌లో వాడి పక్కనే పెడదాం.

నిప్పట్లు కూడా పెట్టాను. కోపంగా ఉండి కాల్చాను కాబట్టి కొన్ని మాడాయి.

నిన్నూ వాడినీ కన్న
ఖైరున్నీసా


బెంగళూరు
17 జూన్ 2024

అమ్మీకి,

సలాం. ఈరోజు బక్రీద్, నేను రాలేకపోయాను. నీ వేలు ఎట్లా ఉంది?

విషయం దాటెయ్యొద్దన్నావు. దాటెయ్యను.

మూడేళ్ళ కిందట అబ్బా కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నయీంను ఇక్కడి ఆస్పత్రికి తెచ్చాం కదా. ఆరోజు వాడి మోచేతి పైన చిన్న చర్మం ముక్క తీశారు. కందిబద్దలో సగం కూడా ఉండదు. కాగితం మీద అబ్బా సంతకం పెట్టారు. వాడు నా తమ్ముడు కాబట్టి సంతకం నేను తీసుకోకూడదు, ఇంకో డాక్టరమ్మ వచ్చి అంతా వివరించి తీసుకున్నారు. నువ్వు చూడలేవని నిన్ను పాలు తెమ్మని బయటికి పంపాను. ఆ తప్పు నాది. అబ్బా చెప్పి ఉంటారులే అని ఆ తరవాత నేను చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఆ చర్మపు కణాలను మందులతో వెనక్కి తీసుకెళ్తాం. అంటే, కడుపులో పడిన కొత్తలో కణాలు ఎట్లా ఉంటాయో అట్లా చేస్తాం. అక్కడి నుంచి మెదడు కణాలుగా పెరగనిస్తాం. అవి గుండ్రంగా ముద్దకడతాయి. ఆవగింజ కన్నా పెద్దవి, పెసరగింజ కన్నా చిన్నవి. మేం గింజలనే అంటాం. వాటికి నొప్పి లేదు, ఆలోచన లేదు. మెదడు కట్టుబడి ఎట్లా మొదలవుతుందో చూపించే చిన్న నమూనా, అంతే. పేరు కూడా ఉండదు. ఇక్కడ వాడిది పదకొండో నంబరు.

ఎందుకు చేస్తున్నానో కూడా చెప్పాలి. బిడ్డ కడుపులో ఉండగా మెదడు కణాలు పుట్టేది ఒకచోట, ఉండాల్సింది ఇంకోచోట. లోపలి గోడ దగ్గర పుట్టి, సన్నటి దారాల్లాంటివి పట్టుకుని పైకి పాకి తమ చోటికి చేరుకుంటాయి. నయీం మెదడులో బోలెడు కణాలు పుట్టినచోటే ఉండిపోయాయి. వాడి స్కాన్ చూసి డాక్టరు అన్నది అదే. ఎందుకు కదల్లేదో ఆయనకూ తెలియదు. నేను కడపలో డిగ్రీ చదివేటప్పుడు ఆ మాట విన్నాను. అప్పటి నుంచి పన్నెండేళ్ళు, హైదరాబాదులో చదివినా ఇక్కడ ఎలుకల మీద డాక్టరేటు చేసినా, నేను అడుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే.

అక్టోబరులో ఇక్కడి పెద్దల ముందు నా పని చూపించాలి. నచ్చితే నాకు సొంతంగా ఒక ల్యాబ్ ఇస్తారు. నేను చూపించాల్సింది ఈ పదకొండో నంబరునే.

వాటిని ఇంటికి తేవడం కుదరదమ్మీ. ల్యాబ్ దాటి బయటికి రాకూడదు. కానీ ఆపేయమంటే ఆపేయొచ్చు. చట్టం ప్రకారం అబ్బా సంతకం చాలు, నీది అక్కర్లేదు. అయినా నువ్వు వద్దంటే ఆపేస్తాను. నీ మాట వచ్చేదాకా వాటిని ముట్టుకోను, రోజు మార్చి రోజు తిండి మాత్రం పెడతాను.

కౌసర్


ప్రొద్దుటూరు
28 జూన్ 2024

కౌసర్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండు మాటల దగ్గర ఆగిపోయాను.

మొదటిది, నా సంతకం అక్కర్లేదన్నది. తొమ్మిది నెలలు మోసినప్పుడు ఎవరి సంతకం తీసుకున్నారు? మీ అబ్బాకు ఫోన్ చేసి అడిగాను. "నేను పెట్టినా, నీకు చెప్పినాననుకున్నా," అన్నాడు. నువ్వు ఆయన చెప్పాడనుకున్నావు, ఆయన తను చెప్పాననుకున్నాడు. మధ్యలో నేను పాలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

రెండోది, తిండి. నొప్పి లేదు, ఆలోచన లేదు అని రాసి, కింద తిండి పెడుతున్నానని రాశావు. ఏం తింటాయి అవి? ఆకలి లేనిదానికి తిండి ఎందుకు? నయీంకు గంజి ఎంత పల్చగా ఉండాలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క పలుకు తగిలినా పొలమారేది. నాలుగు నెలలుగా పొద్దున ఏడింటికి నా చెయ్యి దానంతటదే చెంచా కోసం పోతోంది. ఇక్కడ నా చెయ్యి ఖాళీగా ఉంటే అక్కడ నువ్వు తినిపిస్తున్నానంటే నాకు ఎట్లా ఉంటుందో నువ్వే చెప్పు.

నీకు వినపడని మాట ఇంకోటి ఉంది. పక్కింటి దిల్షాద్‌బీ వచ్చి కూర్చుంది. "మీ కౌసర్ ఆడ ఎలుకల్ని కోస్తాదంట గదామే. ఎలుకల్ని కోసేదానికి ఇన్నేళ్ళ సదువు ఎందుకు? మా ఇంట్లో బోనుండాది, రోజుకొకటి పడతాది, పంపీమంటావా?" అంది. నవ్వాను. నయీం పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు మళ్ళీ ఏడ్చాను. నీ చదువును మాత్రం నేను తక్కువ చేయలేదు. "నీ కోడలు కాన్పుకు పోయినప్పుడు డాక్టరు కడుపు మీద మిషన్ పెట్టి చూసినాది గదా, ఏం చూడాల్నో ఆ డాక్టరమ్మకు నేర్పే సదువు మే అది," అన్నాను. నిజమో కాదో నాకు తెలియదు. గట్టిగా అన్నాను.

పులివెందుల నుంచి నాగేంద్రమ్మ ఫోన్ చేసింది. నీకు గుర్తుందా, వ్యాయామం చేయించే సెంటర్లో మనతో పాటు వచ్చేది, మనవడు నరేష్‌ను చంకనేసుకుని. వాడికిప్పుడు ఏడేళ్ళు. పడుకునే ఉంటాడంట. నయీంను పట్టీలతో కూర్చోబెట్టే ఆ చెక్క కుర్చీ ఇస్తావా అని అడిగింది. ఇవ్వనన్నాను. అది నయీం కొలతకు చేసింది, వాడికి పనికిరాదు అన్నాను.

నువ్వు ఔననమంటున్నావు, కాదంటే ఆపేస్తానంటున్నావు. నేను ఏదీ అనను. ముందు ఒకటి చెప్పు. గింజలు పెంచుతావు, తినిపిస్తావు. ఆఖరుకు వాటిని ఏం చేస్తావు?

అమ్మీ


బెంగళూరు
6 జులై 2024

అమ్మీకి,

నువ్వు అడుగుతావని తెలుసు. రాయకుండా తప్పించుకోవాలని చూశాను, నీ దగ్గర కుదరలేదు.

ఆఖరుకు కోస్తాం. గింజ బతికి ఉన్నంతసేపూ లోపల ఏం జరుగుతోందో కనిపించదు. ఒక మందులో వేసి ఆపేయాలి. గట్టిపడ్డాక యంత్రం మీద వెంట్రుక కన్నా పల్చటి పొరలుగా కోయాలి. ఆ పొరలకు రంగులు ఎక్కించి మైక్రోస్కోపు కింద పెడితే అప్పుడు తెలుస్తుంది, ఏ కణం ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగింది. మా పని అంటే అదే. ఎలుకలవి వేలల్లో కోశాను. ఒకటి నుంచి పది దాకా నంబర్లు ఏ లోపమూ లేని వేరేవాళ్ళవి, అవన్నీ కోశాను.

పదకొండు ఒక్కటీ కోయలేదు. ఇప్పటికి ఎనిమిది నెలలు. వాడు ఉన్నప్పుడు ఇంకా పెరగనిద్దాం అనుకున్నాను. పోయాక చేతకాలేదు. మా పెద్ద మేడం అడిగితే, ఇంట్లోవాళ్ళ అనుమతి రావాలి అని చెబుతున్నాను. తిండి అంటే ఎర్రటి నీళ్ళమ్మీ, చక్కెర, ఉప్పు, ఇంకొన్ని మందులు. ఆకలి ఉండదు. కానీ ఆ నీళ్ళు మారుస్తూ నేను వాటితో మన భాషలో మాట్లాడతాను. ఎవరైనా వస్తే ఆపేస్తాను.

నీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది, నీ మనసుకు ఇష్టం లేదు. ఔననలేక ఏదీ అననన్నావు. సరే. అక్టోబరు మీటింగుకు రానని మేడంకు చెప్పేస్తాను. కడపలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఉందని స్నేహితురాలు చెప్పింది. రోజూ బస్సులో ఇంటి నుంచే పోయి రావచ్చు. నీకూ తోడుంటాను. ఈ నెలాఖరుకు నీ మాట రాకపోతే అట్లాగే చేస్తాను.

కౌసర్


ప్రొద్దుటూరు
21 జులై 2024

కౌసర్‌కు,

మేడంకు ఏమీ చెప్పొద్దు. ఇప్పటికే చెప్పి ఉంటే వెనక్కి పోయి మళ్ళీ చెప్పు. ఈ ఉత్తరం పొడుగుంటుంది, కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నయీం కుర్చీ ముందు కూర్చున్నాను. దాని మీద మడతపెట్టిన బట్టలు పేర్చి ఉన్నాయి. ఎవరు పేర్చారు? నేనే. ఐదు నెలల్లో అది బట్టల బీరువా అయిపోయింది. నాకే సిగ్గేసింది. నాగేంద్రమ్మకు ఫోన్ చేసి, పిల్లోణ్ణి తీసుకుని జమ్మలమడుగుకు రమ్మన్నాను. ఆ కుర్చీ చేసిన వడ్రంగి నబీ రసూల్ అక్కడే కదా ఉండేది. పీర్ల పండగ అయిన రెండో రోజు, కుర్చీని ఆటో మీద కట్టించుకుని పోయాను. దారి పొడుగునా ఆటో అతను అద్దంలో నన్నే చూస్తున్నాడు.

నబీ రసూల్ నరేష్‌ను కొలిచాడు. వీపు, తొడ, మోకాలి కింద. కొలిచి తలగోక్కున్నాడు.

"అక్కా, కాళ్ళు జానెడు కొయ్యాల. పక్క పలకలు కూడా కొయ్యాల. కోస్తే మళ్ళా అతకదు. బాగా ఆలోచన చేసుకో."

"చేసుకునే వచ్చినా. కొయ్యి."

పెన్సిల్‌తో గీత గీశాడు. రంపం తీశాడు. మళ్ళీ పెట్టాడు. "నిజంగానే కొయ్యమంటావా అక్కా?"

"కొయ్యమంటి గదప్పా."

బీడీ వెలిగించుకున్నాడు. ఆర్పాడు. రంపానికి నూనె రాశాడు. మూడోసారి నా వైపు తిరిగి, "నువ్వు వద్దంటే ఇట్లనే పెట్టేస్తా, ఈ పిల్లోనికి ఇంకోటి కొత్తది చేస్తాలే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏంది నబీ రసూల్? నా మాట కోసం కాచుకోనుండావా, నీ చెయ్యి రాక నా మాట అడుగుతాండావా?"

ఆయన తల దించుకున్నాడు. "చెయ్యి రాల్యాదక్కా. నయీంను కూచోబెట్టి కొలతలు తీసుకున్యా గదా. నువ్వు వద్దంటే నాకు బాగుంటాది."

కౌసర్, అక్కడే నాకు నీ ఉత్తరం అర్థమైంది. నా మనసుకు ఇష్టం లేదని రాశావే, అది నా మనసు కాదు, నీది. నేను వద్దంటే నీకు బాగుంటుంది. తప్పు అమ్మీ మీదికి పోతుంది, నువ్వు ఆ ఎర్రనీళ్ళు మారుస్తూ మాట్లాడుకుంటూ ఉంటావు. నేను బట్టలు పేర్చినట్టే.

కుర్చీ కాలు నేను పట్టుకున్నాను. ఆయన కోశాడు. రంపపు పొట్టు నా చీర మీద పడింది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. పట్టీలు సర్ది నరేష్‌ను కూర్చోబెట్టారు. వాడు తల నిలబెట్టి వీధిలోకి చూశాడు. ఎదురుగా మేకలు పోతున్నాయి. పోతున్న ప్రతి మేకనూ చూశాడు. నాగేంద్రమ్మ వాడి ముందుకు వచ్చి నిలబడి, "వీడు ఇంత పొడుగుండాడా! పండుకోనుండంగ నాకు తెలియనే ల్యా," అంది. ఆమె ఏడ్చింది. నేను టీ తెప్పించాను.

ఇక నీ గింజల సంగతి. మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ను మనిషిని పంపి అడిగించాను. కొత్త సంగతి, తెలిసినవాళ్ళను అడిగి చెబుతానన్నారు. ఆయన చెప్పేలోపు నాకు తోచింది రాస్తాను. నయీం పుట్టు వెంట్రుకలు తీయించాం. వాడి పాలపళ్ళు ఊడాయి. పదిహేడేళ్ళు ప్రతి శుక్రవారం వాడి గోళ్ళు నేను తీశాను. వాటిలో ఒక్కటీ నేను నయీం అనుకోలేదు. ఇప్పుడు అనుకున్నానంటే, వాడు లేడు కాబట్టి, ఏది దొరికినా పట్టుకుందామని. నువ్వూ అంతే.

నయీం ఇక్కడ ఉన్నాడు, మట్టిలో, పూర్తిగా. ఆ సీసాల్లో ఉన్నది నా కొడుకు కాదు. నా కూతురి పని. పని చెయ్యి. కోసి చూడు. వాటితో మాట్లాడటం మాను, మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్యి, ఏడ్చినా పరవాలేదు, ఎత్తుతాను.

కడప కాలేజీ మాట ఇంకోసారి ఎత్తొద్దు. నాకు తోడు కావాలంటే నేను అడుగుతాను, నాకు నోరుంది. పదిహేడేళ్ళు నీ తమ్ముడిని చూసుకుంటూ నిన్ను నీ పుస్తకాల దగ్గరే ఉంచాను. రాత్రి వాడు ఏడిస్తే నువ్వు లేవబోయేదానివి, నేనే పడుకోమనేదాన్ని. ఇంట్లో కూర్చోబెట్టుకునేదానికి కాదు అదంతా.

అబ్బా సంతకం పాతదైంది. నా సంతకం కింద ఉంది. నీ చట్టానికి అక్కర్లేకపోయినా మేడంకు చూపించు.

ఆ తెల్ల గుడ్డ తిప్పి పంపు. మంచి గుడ్డ, జాకెట్ లైనింగుకు వస్తుంది.

పదకొండో నంబరును కోయడానికి ఒప్పుకుంటున్నాను.
షేక్ ఖైరున్నీసా


బెంగళూరు
25 ఫిబ్రవరి 2025

అమ్మీకి,

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది కాగితం మీదే చెప్పాల్సిన సంగతి.

పోయిన ఆగస్టులో నీ ఉత్తరం బల్ల సొరుగులో పెట్టుకుని మొదటి గింజను మందులో వేశాను. అంతకుముందు మూడుసార్లు మూత తీసి మళ్ళీ పెట్టాను. రెండో దానికి ఒక్కసారి. పదో దానికి అది పని అయిపోయింది. పొరలకు రంగెక్కించి చూస్తే, కణాలు పాకాల్సిన ఆ సన్నటి దారాలు ఉన్నాయి చూడు, అవి మధ్యలోనే తెగి వంకర్లు తిరిగి ఉన్నాయి. ఒకటి నుంచి పది దాకా ఎవరిలోనూ అట్లా లేదు. అక్టోబరులో పెద్దల ముందు అదే పెట్టాను. ఒకాయన అడిగాడు: "దారి తెగినందుకు కణాలు ఆగిపోయాయా, లేక కణాలకే నడవడం చేతకాదా? రెండూ వేరు కదా?" నాకు తెలియదు, తెలుసుకోవడానికే ల్యాబ్ అడుగుతున్నాను అన్నాను. ఇచ్చారు. ఒక గది, రెండు బల్లలు. తలుపు మీద నా పేరు రాశారు.

తెలుసుకోవడానికి ఒకటి చేశాం. పదకొండో నంబరు కణాలకు పచ్చగా వెలిగే గుర్తు పెట్టి, ఆరోగ్యంగా ఉన్న గింజ మీదికి చేర్చాం. ఆరోగ్యంగా ఉన్న కణాలను తెచ్చి పదకొండో నంబరు గింజ మీద పెట్టాం. లెక్కపెట్టేటప్పుడు ఏది ఎవరిదో నాకు తెలియకూడదు, తెలిస్తే మనసు కోరుకున్నదే కంటికి కనిపిస్తుంది. నా దగ్గర పనిచేసే పావని పేర్లన్నీ మూసేసి ఇచ్చింది. మూడు వారాలు లెక్కపెట్టాను. మొన్న పావని మూతలు తీసింది.

ఆరోగ్యంగా ఉన్న కణాలు, పదకొండో నంబరు దారి మీద పెడితే ఆగిపోయాయి. పదకొండో నంబరు కణాలు, మంచి దారి మీద పెడితే నడిచాయి.

నడిచాయమ్మీ. తక్కినవాటిలాగే. కణాల్లో ఏ లోపమూ లేదు. దారే సరిగా పడలేదు.

ఇది మందు కాదు. నరేష్‌కు రేపు దీనివల్ల ఏమీ జరగదు, నాగేంద్రమ్మకు ఆ మాట అట్లాగే చెప్పు. దారి ఎందుకు తెగింది, దాన్ని నిలబెట్టడం కుదురుతుందా అన్నది ఇంకో ఇరవై ఏళ్ళ పని. ఆ ఇరవై ఏళ్ళు నాకున్నాయి. దేనికోసం వెతకాలో పన్నెండేళ్ళకు తెలిసింది.

కౌసర్


ప్రొద్దుటూరు
6 మార్చి 2025

కౌసర్‌కు,

ఉపవాసంలో ఉన్నాను, నాలుగు ముక్కలే రాస్తాను. మీ అబ్బాకు నీ ఉత్తరం ఫోన్‌లో చదివి వినిపించాను. తలుపు మీద పేరు తెలుగులో ఉందా ఇంగ్లీషులో ఉందా అని అడిగాడు. నాగేంద్రమ్మకు నువ్వు చెప్పమన్నది చెప్పమన్నట్టే చెప్పాను. "మందు కాకపోయినా మీ కూతుర్ని ఆ పని ఇడిసిపెట్టొద్దనమ్మా," అంది.

దారే సరిగా పడలేదని రాశావు. మోసినప్పుడు నేనేం తప్పు చేశానో అని ఎన్నిసార్లు వెనక్కి తిరిగి లెక్క చూసుకున్నానో నీకు తెలియదు. ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో అడుగుతాను. ఏ జవాబు వచ్చినా తట్టుకుంటాను, ఉన్నది ఉన్నట్టు రాయి.

పదకొండో నంబరు నా కొడుకు కాదని రాసింది నేనే. ఆ మాట మీదే ఉన్నాను. నా కొడుకు ఇక్కడ ఉన్నాడు, నిన్న పోయి చూసి వచ్చాను.

అయినా నీ ఉత్తరంలో ఒకటి వదిలేశావు. నడిచాయి, నడిచాయి అని రెండుసార్లు రాశావు.

ఎంత దూరం నడిచాయి?

అమ్మీ